‘జీఎంవో లేదు’ అని సంతకం పెట్టే ముందు: బియ్యం ఎగుమతి చేసేవాళ్లకు కాగితాల గైడ్

మండపేట దగ్గర మిల్లున్న ఒక పెద్దాయన మొదటిసారి జర్మనీకి రెండు కంటైనర్ల బియ్యం బేరం కుదుర్చుకుని నాకు ఫోన్ చేశారు. బంధుత్వం ఏమీ లేదు గానీ, ఆయన నన్ను అమ్మాయ్ అంటారు, నేను బాబాయ్ గారూ అంటాను. “అమ్మాయ్, వీడెవడో నాన్-జీఎంవో సర్టిఫికెట్ అంటున్నాడు. మన గోదావరి జిల్లాల్లో జీఎం వరి ఎక్కడుందమ్మా? లెటర్‌హెడ్ మీద నువ్వే రెండు ముక్కలు కొట్టి పంపు, సంతకం పెట్టేస్తాను” అన్నారు. జీఎంవో అంటే జన్యుమార్పిడి చేసిన పంట లేదా జీవి. అలాంటిది సరుకులో లేదనే కాగితం కొనేవాడు అడుగుతున్నాడన్నమాట.

కాకినాడలో బియ్యం ఎగుమతి కాగితాల పని పదిహేడేళ్లుగా చేస్తున్నాను. ఈ ‘రెండు ముక్కలు’ ఎంత ఖరీదైనవో నాకు తెలుసు కాబట్టి ఆయన్ని ఆ పూట సంతకం పెట్టనివ్వలేదు. ఆయనకు ముక్కలు ముక్కలుగా ఫోన్‌లో చెప్పిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మొదటిసారి ఐరోపాకు సరుకు పంపే మిల్లర్లకు, మా ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలకు పనికొస్తుంది.

అడిగింది ఏమిటో ముందు చదవండి

నాన్-జీఎంవో సర్టిఫికెట్ అనే పేరుతో కొనేవాడు మూడు వేరువేరు కాగితాల్లో ఏదైనా అడిగి ఉండొచ్చు. ఒకటి, అమ్మేవాడు తన లెటర్‌హెడ్ మీద ఇచ్చే హామీ. రెండు, ల్యాబ్ ఇచ్చే పరీక్ష రిపోర్టు. మూడు, ప్రభుత్వ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్. ఎల్‌సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తామని కొనేవాడి బ్యాంకు రాసిచ్చే లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరిచారంటే 46ఏ అనే గడిలో కావలసిన పత్రాల జాబితా ఉంటుంది. అక్కడ ‘ఎవరు జారీ చేసినది’ అన్న మాట ఉందో లేదో వేలు పెట్టి చదవండి. లేకపోతే అప్పుడే మెయిల్ పెట్టి అడగండి. ‘కాంపిటెంట్ అథారిటీ జారీ చేసినది’ అని ఉండి, మీ దగ్గర ల్యాబ్ రిపోర్టే ఉంటే బ్యాంకు డబ్బు ఆపేస్తుంది. సరుకు ఓడెక్కకముందైతే ఎల్‌సీ సవరణ ఒక మెయిల్‌తో అయిపోతుంది. ఓడెక్కాక అదే సవరణకు కొనేవాడు టన్నుకు ఇన్ని డాలర్లు తగ్గించమంటాడు.

కొత్తవాళ్లు చేసే ఇంకో పొరపాటు, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉంది కదా చాలదా అనుకోవడం. చాలదు. అది పురుగు, తెగులు సంగతి చూసే మొక్కల క్వారంటైన్ వాళ్ల కాగితం. ఐరోపా యూనియన్‌కు బియ్యం పంపాలంటే ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ తనిఖీ సర్టిఫికెట్ కూడా కావాలి. అదీ వేరే. ఒక కాగితం చేయాల్సిన పని ఇంకో కాగితం చేయదు.

చట్టం మన పక్షాన ఎంతవరకు ఉంది

బాబాయ్ గారి మాటలో నిజం ఉంది. మన దేశంలో వాణిజ్యంగా పండించడానికి అనుమతి ఉండి, పొలాల్లో నిజంగా ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. బీటీ వంకాయకు 2009లో జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ ఊ అన్నా, 2010 ఫిబ్రవరిలో కేంద్రం నిలిపేసింది. ఆవాలకు 2022లో పర్యావరణ విడుదల అనుమతి ఇస్తే కేసు సుప్రీంకోర్టుకెక్కి 2024 జూలైలో ఇద్దరు జడ్జీలు చెరో తీర్పు ఇచ్చారు. వరికి మాత్రం అనుమతే లేదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం జన్యుమార్పిడి చేసినది ఏదైనా సాగు చేయాలన్నా, దిగుమతి చేయాలన్నా, ఎగుమతి చేయాలన్నా జీఈఏసీ అనుమతి కావాలి.

అయితే ‘అనుమతి లేదు’ అన్నది ఒక మాట, ‘సరుకులో లేదు’ అన్నది ఇంకో మాట. 2021 జూన్‌లో ఫ్రాన్స్ ఐరోపా హెచ్చరికల వ్యవస్థలో ఒక నోటీసు పెట్టింది. మన దేశం నుంచి వెళ్లిన సుమారు 500 టన్నుల నూకలను అక్కడ పిండి పట్టారు, ఆ పిండిలో అనుమతి లేని జీఎం వరి జాడ కనిపించింది. ఆ పిండి వాడిన మిఠాయిలను చాలా దేశాల్లో దుకాణాల్లోంచి వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో జీఎం వరి సాగు లేదు, మా వైపు నుంచి వచ్చే అవకాశం లేదని మన ప్రభుత్వం చెప్పింది. చెప్పినా, సరుకు అమ్మినవాళ్లకు ఆ నెలల్లో వచ్చిన మెయిళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఆ వ్యవహారంతో ఏ సంబంధమూ లేని మాకే, అంతకు ముందెప్పుడూ ఈ మాట ఎత్తని ఇద్దరు పాత కొనుగోలుదారులు ఆ నెలలోనే రిపోర్టు అడిగారు.

అమెరికా వాళ్ల కథ ఇంకా పెద్దది. ఎల్ఎల్ 601 అనే కలుపుమందు తట్టుకునే వరిని అక్కడ 1998 నుంచి 2001 దాకా ప్రయోగ పొలాల్లో వేసి వదిలేశారు. మార్కెట్లోకి తేనేలేదు. 2006 ఆగస్టులో మామూలు బియ్యంలో దాని జాడ బయటపడింది. ఐరోపా వెంటనే ప్రతి సరుకుకూ పరీక్ష రిపోర్టు ఉండాలంది. చివరికి 2011లో బేయర్ కంపెనీ సుమారు 11,000 మంది రైతులకు 75 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. బాబాయ్ గారికి ఈ ఒక్క కథ చెప్పాకే ‘ఎక్కడుందమ్మా’ అనడం మానేశారు.

అవతలి దేశం గీత ఎక్కడ గీసింది

0.9 శాతం వరకు పర్వాలేదట కదా అని చాలామంది అంటారు. ఆ 0.9 ఐరోపా అనుమతించిన జీఎం రకాలకు. కొన్ని సోయా, మొక్కజొన్న రకాలకు అక్కడ అనుమతి ఉంది. అవి అనుకోకుండా 0.9 శాతం లోపు కలిస్తే లేబుల్ మీద రాయక్కర్లేదు, అంతే. అనుమతి లేనిది ఆహారంలో దొరికితే దానికి గీత సున్నా దగ్గరే. వరిలో అక్కడ అనుమతి పొందిన జీఎం రకం ఒక్కటీ లేదు. కాబట్టి బియ్యానికి సంబంధించి 0.9 అన్న అంకెను మర్చిపోండి.

ఇక కార్టహీనా ప్రోటోకాల్ అని ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దాని సభ్యదేశాల సమావేశం 2012 అక్టోబరులో మన హైదరాబాద్‌లోనే జరిగింది. కొందరు కొనుగోలుదారులు ఆ పేరు కూడా ఫారంలో ఇరికిస్తారు. ఆ ఒప్పందం వర్తించేది సజీవమైన జన్యుమార్పిడి జీవులకు, అంటే విత్తితే మొలిచేవాటికి. ధాన్యం మొలుస్తుంది. పాలిష్ పట్టిన బియ్యం మొలవదు, మొలక భాగం తవుడులో కొట్టుకుపోయింది. 2021లో కోళ్ల మేత కరువొచ్చి కేంద్రం 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి తలుపు తీసినప్పుడు కూడా ఇదే తర్కం: నూనె తీసిన చెక్కలో ప్రాణమున్నది ఏదీ లేదు కదా అని. మన కోళ్లఫారాల వాళ్లకు ఆ ఏడాది బాగా గుర్తుంటుంది. కానీ ఐరోపా ఆహార చట్టానికి ప్రాణంతో పని లేదు. పిండి అయినా, బిస్కెట్ అయినా, జీఎం పంట నుంచి వచ్చిందా అనే అడుగుతుంది.

శాంపిల్ తీయడం: అసలు పని ఇక్కడే

ఒక కంటైనర్‌లో 25 టన్నులు. 25 కిలోల బస్తాలైతే వెయ్యి. ల్యాబ్‌లో డీఎన్ఏ తీయడానికి వాడేది చిటికెడు పిండి, సుమారు 200 మిల్లీగ్రాములు. వెయ్యి బస్తాల గురించి ఆ చిటికెడు సాక్ష్యం చెప్పాలి. మధ్యలో మీరెంత శుభ్రంగా పనిచేశారన్న దాని మీదే ఆ సాక్ష్యం విలువ.

మేము వెయ్యి బస్తాలకు వర్గమూలం లెక్కన 32 బస్తాల్లోంచి తీస్తాం. హమాలీలు అందుబాటుగా ఉన్న ముందు వరుసే చూపిస్తారు. ఒప్పుకోవద్దు. నెట్టు కట్టేటప్పుడే దగ్గరుండి కింద, మధ్య, పై వరసల్లోంచి బస్తాలకు సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. గోతంలోకి గుచ్చి గింజలు లాగే ఇనప గొట్టాన్ని ముందు కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డతో తుడవాలి. బస్తాకు 150 గ్రాముల చొప్పున తీస్తే ఐదు కిలోలు దాటకుండా వస్తుంది. కొత్త పాలిథిన్ షీట్ మీద పోసి బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, కొత్త సంచుల్లో సీల్ వేయాలి. ఒకటి ల్యాబ్‌కి, ఒకటి కొనేవాడికి, ఒకటి సర్వేయర్‌కి (సరుకు చూసే బయటి తనిఖీదారు), ఒకటి మీ బీరువాలోకి. నాలుగు సంచుల మీదా సీల్ నంబరు, లాట్ (ఒక విడతగా పంపే సరుకు) నంబరు, తేదీ ఉండాలి. 500 టన్నులు, అంతకు మించిన లాట్లకు ఐరోపా సిఫార్సు వేరు: 100 చోట్ల నుంచి అరకిలో చొప్పున 50 కిలోలు.

పిడికెడు పంపితే చాలదా అని బాబాయ్ గారు అడిగారు. ఆయన లెక్కల మనిషి కాబట్టి లెక్కే చెప్పాను. వెయ్యి గింజల్లో ఒకటి తేడా గింజ అనుకుందాం. మూడు వేల గింజలు చూస్తే అందులో కనీసం ఒక్కటైనా పడే అవకాశం నూటికి 95. సన్నబియ్యంలో మూడు వేల గింజలంటే నిజంగానే పిడికెడే. కానీ పదివేలల్లో ఒకటి కలిసినా పట్టుకోవాలంటే ముప్పై వేల గింజలు కావాలి. పైగా ల్యాబ్ వాళ్లు పంపిందంతా మెత్తగా పొడి చేసి, కలిపి, అప్పుడు చిటికెడు తీయాలి. పొడి చేయకుండా గుప్పెడు గింజలు తీసుకుంటే చూసింది పది పన్నెండు గింజలే అవుతుంది. ‘మొత్తం శాంపిల్ గ్రైండ్ చేసి పరీక్షించాలి’ అని పంపే ఉత్తరంలో రాయండి.

నూకల విషయంలో ఇంకా జాగ్రత్త. బియ్యం ఏ మిల్లుదో, ఏ రకమో కొంతవరకైనా చెప్పగలం. నూకలు పది మిల్లుల నుంచి, మధ్యలో ఇద్దరు వ్యాపారుల చేతులు మారి ఒక గుట్టగా చేరతాయి. ఫ్రాన్స్‌లో దొరికింది నూకల్లోనే అన్నది నాకు వింతగా అనిపించలేదు.

ల్యాబ్‌ను ఏం అడగాలి

ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా అన్నది సగం ప్రశ్నే. ఆ గుర్తింపు పత్రం వెనక ఉండే జాబితాలో బియ్యంలో జీఎంవో పరీక్ష ఉందా అన్నది అసలు ప్రశ్న. నీళ్ల పరీక్షకు గుర్తింపు ఉన్న ల్యాబ్ బియ్యం రిపోర్టు మీద కూడా అదే లోగో వేస్తే ఐరోపా వాడు ఒప్పుకోడు.

పరీక్ష పీసీఆర్ పద్ధతిలో, అంటే వెతికే డీఎన్ఏ ముక్క ఉంటే దాన్ని ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే పద్ధతిలో, జరుగుతుంది. ముందు స్క్రీనింగ్. చాలా జీఎం పంటల్లో ఉండే 35ఎస్ ప్రమోటర్, నాస్ టెర్మినేటర్ అనే రెండు డీఎన్ఏ ముక్కల కోసం వెతుకుతారు. బియ్యానికి వీటితోపాటు బీటీ పంటల్లో ఉండే క్రై1ఏబీ/క్రై1ఏసీ జన్యువు కూడా అడగండి. చైనా నుంచి వచ్చే బియ్యానికి ఐరోపా అడిగే మూడూ ఇవే. రిపోర్టులో ఇంకో రెండు విషయాలు ఉండాలి. బియ్యానికి సహజంగా ఉండే పీఎల్‌డీ వంటి జన్యువు దొరికిందని ఉండాలి, లేకపోతే తీసిన డీఎన్ఏ పాడైందో ఏమో తెలియదు. ఎంత తక్కువ పరిమాణం వరకు పట్టుకోగలరో ఆ పరిమితి ఉండాలి. ఈ రెండూ లేకుండా ‘నెగెటివ్’ అని ఒక్క ముక్క రాసిన రిపోర్టును నేను వెనక్కి పంపేస్తాను.

35ఎస్ పాజిటివ్ అని వచ్చిన రోజు

ఇది మా ఆఫీసులోనే జరిగింది. బెల్జియం వెళ్లాల్సిన లాట్. కంటైనర్లు విశాఖలో బుక్ చేసేశాం, కటాఫ్‌కు (కంటైనర్లు పోర్టులో అప్పగించాల్సిన గడువుకు) తొమ్మిది రోజులు. సాయంత్రం ఐదున్నరకు ల్యాబ్ నుంచి మెయిల్: 35ఎస్, నాస్, క్రై మూడూ కనిపించాయి, చాలా స్వల్పంగా. మా ఓనర్ గారికి బీపీ, నాకు టెన్షన్. గుమాస్తా కుర్రాడు ‘ఇంకో ల్యాబ్‌కి పంపుదాం మేడం, అక్కడ నెగెటివ్ వస్తే అదే వాడదాం’ అన్నాడు. అలా చేయకండి. రెండు రిపోర్టులు పుట్టాక మొదటిది ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది, అప్పుడు మీరు దాచారని అవుతుంది.

ల్యాబ్ అమ్మాయికి ఫోన్ చేసి, క్రై జన్యువు కూడా కనిపించింది కదా, ఇది బియ్యంలోదా, ఇంకో మొక్క నుంచి వచ్చిందా తేల్చగలరా అని అడిగాను. రెండు రోజుల్లో చెప్పింది: శాంపిల్‌లో పత్తి డీఎన్ఏ ఉంది. అప్పుడు లారీల రసీదులు తీశాను. మూడింటిలో ఒక లారీ ముందు రోజు పశువుల దాణా కొట్టుకు పత్తిగింజల చెక్క దింపి, నేరుగా మా గోడౌన్‌కు వచ్చింది. లారీ అడుగు పలకల సందుల్లో ఆ పత్తిగింజల చెక్క పొడి ఉండిపోయింది. పైన టార్పాలిన్ కొత్తదే వేశారు, కింద ఏమీ పరచలేదు. మన పత్తి దాదాపు అంతా బీటీయే కాబట్టి ఆ పొడి చాలు.

ఆ లారీ బస్తాలు 340. వాటిని పక్కన పెట్టి లోకల్ మార్కెట్‌కు అమ్మేశాం. మిగతావాటి నుంచి సర్వేయర్ ఎదురుగా కొత్తగా శాంపిల్ తీసి, అదే ల్యాబ్‌కు పంపాం. ఏమీ కనిపించలేదని వచ్చింది. రెండు రిపోర్టులూ, లారీ రసీదులూ కలిపి కొనేవాడికి జరిగింది జరిగినట్టు రాశాం. ఓడ తప్పింది, తర్వాతి ఓడలో వెళ్లింది. ఆ కొనుగోలుదారు ఇప్పటికీ మా దగ్గరే తీసుకుంటున్నాడు.

అప్పట్నుంచి మా లారీ కాంట్రాక్టులో ఒక వాక్యం ఉంది: అంతకు ముందు దింపిన సరుకు ఏమిటో డ్రైవర్ రాసి సంతకం పెట్టాలి. పత్తి చెక్క, సోయా చెక్క, కోళ్ల మేత అయితే లోడింగ్ లేదు. పాత గోతాలు కూడా వద్దు, వాటి గతం ఎవరికీ తెలియదు.

సర్టిఫికెట్‌లో ఏం రాయాలి

కొనేవాడు పంపే నమూనాలో సాధారణంగా ‘ఈ సరుకు నూటికి నూరు శాతం జీఎంవో రహితమని హామీ ఇస్తున్నాం’ అని ఉంటుంది. దాని కింద సంతకం పెట్టారంటే, ప్రపంచంలో ఏ ల్యాబ్‌లో, ఎప్పుడు, ఎంత చిన్న జాడ దొరికినా ఖర్చు మీదే. మేము ఈ అర్థం వచ్చేలా మార్చి పంపుతాం: ‘ఈ లాట్ భారతదేశంలో పండిన ధాన్యం నుంచి వచ్చింది. భారతదేశంలో జన్యుమార్పిడి వరి వాణిజ్య సాగుకు అనుమతి లేదు. ఫలానా సీల్ నంబరు గల శాంపిల్‌ను ఫలానా ల్యాబ్ ఫలానా తేదీన 35ఎస్, నాస్, క్రై1ఏబీ/ఏసీ కోసం పరీక్షించి, తన పద్ధతి గుర్తించగల పరిమితిలో అవి కనిపించలేదని రిపోర్టు ఇచ్చింది.’ ఇందులో ప్రతి వాక్యానికీ మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది. నాకు తెలిసి పది మందిలో ఎనిమిది మంది కొనుగోలుదారులు దీన్ని ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లతో ధరలో ఆ రిస్కు కలిపి మాట్లాడాలి.

సీల్ నంబరు, లాట్ నంబరు, సంచుల లెక్క ఇన్‌వాయిస్‌లో, రిపోర్టులో, సర్టిఫికెట్‌లో ఒకేలా ఉన్నాయో బిగ్గరగా చదివించి సరిచూడండి. పత్రాల మధ్య వైరుధ్యం ఉంటే బ్యాంకు తిప్పి పంపడానికి అది చాలు. ఒకసారి మాకు ‘బి’ బదులు ‘డి’ పడి పదకొండు రోజులు డబ్బు ఆగింది.

కమల వచ్చాక

2025 మే నెలలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి డీఆర్‌ఆర్ ధాన్ 100, పేరు కమల. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచే చేసింది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. దాని తల్లి ఎంటీయూ 1010, మన మార్టేరు కాటన్‌దొర సన్నాలు. రెండింటి పుట్టిల్లూ మనదే. వీటిలో బయటి జన్యువు ఏదీ లేదు, మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు. అందుకని మన దేశం 2022 మార్చి ఉత్తర్వుతో ఇలాంటివాటిని జీఎం నిబంధనల్లోని ముఖ్యమైన అనుమతుల నుంచి మినహాయించింది. ఐరోపా న్యాయస్థానం మాత్రం 2018 జూలైలో జన్యు సవరణ కూడా జీఎంవోనే అని తీర్పిచ్చింది. అక్కడ నిబంధనలు సడలించే పని 2023 నుంచి నడుస్తోంది, అది ఎక్కడిదాకా వచ్చిందో బేరం కుదిరిన రోజున చూసుకోండి.

మన సంగతికొస్తే చిక్కు ఇది: 35ఎస్ లేదు, నాస్ లేదు, క్రై లేదు. కాబట్టి పైన చెప్పిన స్క్రీనింగ్ కమలను పట్టుకోదు. రిపోర్టు శుభ్రంగా వస్తుంది. అప్పుడు నిజం చెప్పగలిగేది రైతు ఏ విత్తనం వేశాడన్న కాగితం ఒక్కటే. సాంబ మసూరి పేరుతో ఐరోపాకు అమ్మేవాళ్లు ఇప్పట్నుంచే ధాన్యం కొనేటప్పుడు రకం పేరు, విత్తనం ఎక్కడ కొన్నారో ఆ బిల్లు ఫొటో తీసి లాట్ ఫైల్‌లో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. కళ్లంలో రైతును బిల్లు అడిగితే నవ్వుతాడు. మొదటి సీజన్‌లో నలభై మందిని అడిగితే ఆరుగురు ఇచ్చారు. రెండో సీజన్‌లో పంతొమ్మిది మంది.

దిగుమతి చేసేవాళ్లకు ఒక్క మాట

మనం బయటివాళ్లను అడిగేది కూడా తక్కువేమీ కాదు. 2021 మార్చి 1 నుంచి యాపిల్, బంగాళాదుంప, మొక్కజొన్న, గోధుమ, సోయా, బొప్పాయి, అవిసె వంటి 24 రకాల ఆహార పంటలు దిగుమతి కావాలంటే, పంపే దేశపు అధికార సంస్థ ఇచ్చిన నాన్-జీఎం సర్టిఫికెట్ ఉండాలని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. అనుకోకుండా కలిసినదానికి 1 శాతం వరకు సడలింపు. అమ్మేవాడి లెటర్‌హెడ్ ఇక్కడ చెల్లదు.

బాబాయ్ గారి రెండు కంటైనర్లు హాంబర్గ్ చేరి డబ్బులు కూడా వచ్చాయి. ల్యాబ్ ఫీజు చూసి మాత్రం ‘ఇంతా?’ అని పది నిమిషాలు సణిగారు. మొన్న పని మీద వాళ్ల మిల్లుకు వెళ్తే గేటు దగ్గర లారీ ఆపి, ఆయనే లుంగీ ఎగ్గట్టి పైకెక్కి, అడుగు చెక్కల సందుల్లో స్క్రూడ్రైవర్ పెట్టి గీకుతున్నారు. డ్రైవర్ నా వైపు చూసి, ‘చూడండి మేడం, నిన్న సిమెంటు దింపానంటే నమ్మరు’ అన్నాడు.